ఎదురుగాలిలో 140 కిలోమీటర్లు

నార్తంబర్లండ్ తీరం వెంబడి ఒక నాన్న, ఒక కూతురు, రెండు సైకిళ్ళు

తెలుగులో గాలికి బోలెడు పేర్లున్నాయి. హాయిగా వీస్తే పిల్లగాలి. పచ్చని పొలాల మీదుగా వస్తే పైరగాలి. చలిని మోసుకొస్తే ఈదురుగాలి. గుండ్రంగా తిరిగితే సుడిగాలి. ముఖం మీద కొడితే ఎదురుగాలి. మా బందరు వైపు పుట్టినవాళ్ళకి ఇంకొకటి కూడా బాగా తెలుసు, పెనుగాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గురించి మా పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే వింటూ పెరిగినవాణ్ణి నేను. అందుకే సముద్రపు గాలంటే నాకు భయమూ ఉంది, చనువూ ఉంది.

ఇంగ్లండు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మేముండేది న్యూకాసిల్ లో. బందరుకీ మా ఊరికీ ఎక్కడా పొంతన లేదు గానీ ఒక్క విషయంలో మాత్రం రెండూ ఒకటే. రెండు చోట్లా సముద్రం తూర్పు దిక్కునే ఉంటుంది, సూర్యుడు నీళ్ళలోంచే పైకొస్తాడు. ఇక ఏ ఆశా లేనప్పుడు మనవాళ్ళు "తూర్పు తిరిగి దండం పెట్టుకో" అంటారు కదా, ఆ దండం పెట్టుకోవడానికి కూడా మాకు ఇక్కడ సముద్రమే ఎదురుగా ఉంటుంది.

కిందటి ఏడాది నేను నిజంగానే ఆ స్థితికి వచ్చాను. పదిహేడేళ్ళు పనిచేసిన కంపెనీలో మా విభాగం మొత్తాన్ని మూసేశారు. మొదటి రెండు నెలలూ ఉత్సాహంగానే ఉన్నాను. రోజూ పొద్దున్నే షర్టు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. అరవై మూడు ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టాను. ఇంటర్వ్యూలకి పిలిచింది నలుగురు. తర్వాత్తర్వాత షర్టు మానేశాను, ఆ పైన కంప్యూటరు కూడా మానేశాను. ఆదివారాలు మన పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి, అదీ ఆపేశాను. "ఏం చేస్తున్నారు ఇప్పుడు?" అని ఎవరైనా అడుగుతారేమోనని ఉగాది కార్యక్రమానికి కూడా వెళ్ళలేదు.

మా ఆవిడ ఫార్మసీలో పనిచేస్తుంది. ఆమే నన్ను బలవంతాన జీపీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఓపికగా విని, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్ ని చూపించి, రోజూ కాసేపు బయట తిరగమన్నారు. మందులంటే వేసుకునేవాణ్ణేమో గానీ, బయటికి కదలమంటే కాళ్ళు రాలేదు.

చివరికి నన్ను కదిలించింది మా అమ్మాయి. దానికి పద్నాలుగేళ్ళు. అక్టోబరులో హాఫ్ టర్మ్ సెలవులిచ్చారు. ఒకరోజు గోడకి ఒక మ్యాపు అంటించి, "నాన్నా, టైన్ మౌత్ నుంచి బెరిక్ దాకా సముద్రం పక్కనే సైకిల్ రూట్ ఉంది. మూడు రోజులు చాలు. నేను ఒక్కదాన్నే వెళ్తానంటే అమ్మ ఒప్పుకోదు. నువ్వు రావాలి" అంది. ఖాళీగా ఉన్న మనిషికి తీరిక లేదని చెప్పే అవకాశం కూడా ఉండదు కదా!

గాలి లెక్క

మేము వెళ్ళింది నేషనల్ సైకిల్ నెట్ వర్క్ లోని 1వ నంబరు దారి. దక్షిణాన డోవర్ దగ్గర మొదలై, తూర్పు తీరం పట్టుకుని స్కాట్లండు పైకొస దాకా పోయే దారి ఇది. అందులో టైన్ మౌత్ నుంచి బెరిక్ అపాన్ ట్వీడ్ దాకా ఉన్న ముక్క సుమారు 140 కిలోమీటర్లు. బ్రిటన్ లో ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి, దక్షిణం నుంచి ఉత్తరానికి తొక్కితే గాలే వెనకనుంచి తోస్తుందని అందరూ చెబుతారు. మేమూ అలాగే అనుకుని గదులు బుక్ చేసుకున్నాం.

బయలుదేరే ముందురోజు రాత్రి రేడియో 4లో షిప్పింగ్ ఫోర్ కాస్ట్ విన్నాం. ఓడలకీ పడవలకీ చెప్పే వాతావరణ సూచన అది. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకీ ఒక పేరు పెట్టారు. మా ముక్క పేరు 'టైన్'. ఆ రాత్రి టైన్ కి చెప్పింది ఈశాన్య గాలి, ఫోర్స్ 5 నుంచి 7. ఈశాన్యం అంటే మేము వెళ్ళే వైపు నుంచే!

పిల్లలూ, ఈ 'ఫోర్స్' అనే కొలత 1805లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నౌకాదళ అధికారి తయారుచేసుకున్నది. ఫోర్స్ 6 అంటే గంటకి 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి, చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టం. ఫోర్స్ 7 అంటే 50 నుంచి 61. మొత్తం చెట్లే ఊగుతాయి, మనిషి ఎదురు నడవాలంటే కష్టం. తుపాను హెచ్చరికల్ని టెలిగ్రాఫ్ ద్వారా ఓడరేవులకి పంపే పద్ధతి 1861లో మొదలైంది. దాన్ని పెట్టిన రాబర్ట్ ఫిట్జ్ రాయ్, చార్లెస్ డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకి కెప్టెన్.

"ఈ గాలిలో సైకిళ్ళేమిటండీ? నిక్షేపంలాంటి కారు పెట్టుకుని!" అంది మా ఆవిడ. అంటూనే పులిహోర కలిపి రెండు డబ్బాల్లో సర్దింది.

మా అమ్మాయి ఇంకో సంగతి అడిగింది. "బెరిక్ దాకా రైల్లో వెళ్ళి, అక్కడినుంచి వెనక్కి తొక్కుకుంటూ వస్తే గాలి మనల్ని తోస్తుంది కదా నాన్నా?" చాలా తెలివైన ప్రశ్న. కానీ గదులన్నీ ఇటునుంచి అటు వరసలో బుక్ అయి ఉన్నాయి, రైల్లో సైకిళ్ళకి చోటు కూడా తిరుగు ప్రయాణానికే తీసుకున్నాం. అదొక్కటే కాదు. తొమ్మిది నెలలుగా నా దారికి అడ్డం పడుతున్నదేమిటో నా కంటికి కనిపించలేదు. ఈమెయిల్ పంపితే జవాబు రాదు, ఎందుకు రాలేదో తెలియదు. ఈ గాలి అలా కాదు. ఎటునుంచి వస్తుందో తెలుసు, ఎంత బలమో తెలుసు. అలాంటిదానితో తలపడాలని చాలా కాలానికి నాకు అనిపించింది.

మొదటి రోజు: ఎవరు ముందు?

టైన్ మౌత్ ఒడ్డున పొద్దున ఎనిమిదింటికే సముద్రం బూడిదరంగులో పొంగుతోంది. అక్కడినుంచి ఆరేడు కిలోమీటర్లు వెళితే విట్లీ బే దాటాక సెయింట్ మేరీస్ దీపస్తంభం వస్తుంది. 1898లో కట్టారు. 1984లో దీపం ఆపేశారు. చిన్న దీవి మీద ఉంటుంది, పోటు వచ్చినప్పుడు దారి మునిగిపోతుంది. అక్కడ కుక్కని నడిపిస్తున్న ఒక పెద్దాయన మా సైకిళ్ళ మీద సంచులు చూసి, ఎక్కడికని అడిగి, "ఈ రోజు గాలి మీవైపు లేదు నాయనా" అని నవ్వారు.

తర్వాత బ్లైత్ రేవు. ఒకప్పుడు బొగ్గు ఎగుమతికి పేరుపడ్డ రేవు ఇది. బ్రిటన్ లో సముద్రంలో నిలబెట్టిన మొదటి గాలిమరలు రెండూ 2000లో ఈ ఒడ్డుకి దగ్గర్లోనే తిరగడం మొదలుపెట్టాయి. 2019లో వాటిని తీసేశారు. ఇంకాస్త దూరంలో 2017లో పెట్టిన ఐదు పెద్ద మరలు ఇప్పుడు కనిపిస్తాయి. మాకు కష్టం కలిగిస్తున్న గాలే అక్కడ కరెంటు చేస్తోంది. "వాళ్ళకి ఇవాళ పండగ నాన్నా!" అంది మా అమ్మాయి.

అసలు పరీక్ష డ్రూరిడ్జ్ బే దగ్గర. ఏడు మైళ్ళ పొడవున ఇసుక తీరం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ట్యాంకులు దిగకుండా అడ్డంగా పోసిన కాంక్రీటు దిమ్మెలు ఇప్పటికీ ఇసుకలో ఒరిగి ఉన్నాయి. గాలిని ఆపడానికి ఒక్క చెట్టు లేదు. ఇసుక రేణువులు ముఖానికి సూదుల్లా తగులుతున్నాయి. మామూలు రోజుల్లో గంటకి ఇరవై కిలోమీటర్లు పోయే సైకిళ్ళు పదికి దిగిపోయాయి.

ఎందుకలా అవుతుందో కాస్త లెక్క చూద్దాం. సైకిలుని గాలి వెనక్కి నెట్టే బలం, గాలికీ మనకీ మధ్య ఉన్న వేగానికి వర్గంలో పెరుగుతుంది. గాలి లేనప్పుడు 20 వేగంతో వెళ్తే మనకి తగిలేది 20 గాలి. ఎదురుగాలి 30 ఉన్నప్పుడు 10 వేగంతో వెళ్ళినా తగిలేది 40. అంటే రెట్టింపు గాలి, నాలుగు రెట్ల బలం. వేగం సగమే కాబట్టి, గాలిని చీల్చడానికి కావలసిన శక్తి రెండు రెట్లు. సగం వేగంతో పోతూ రెట్టింపు కష్టపడుతున్నామన్నమాట! ఇక్కడ పౌరుషానికి పోకూడదు. గేరు తగ్గించుకుని, నడుం వంచి, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, కాళ్ళు మాత్రం ఆపకుండా తిప్పుతూ ఉండాలి. వేగం చూపించే మీటరు మీద మా అమ్మాయి ఒక స్టిక్కరు అంటించేసింది.

ఇంకో ఉపాయం ఉంది. ముందు ఒకరు వెళితే, వాళ్ళ వెనకే దగ్గరగా వచ్చేవాళ్ళకి గాలి చాలా తగ్గుతుంది. శ్రమలో పావు వంతు, ఒక్కోసారి మూడో వంతు దాకా మిగులుతుంది. తండ్రిని కదా, పొద్దుటినుంచీ నేనే ముందున్నాను. క్రెస్ వెల్ దాటాక తొడలు బిగుసుకుపోయాయి.

"నాన్నా, ఇప్పుడు నా వంతు."

"వద్దమ్మా, గాలి మరీ ఎక్కువగా ఉంది. నువ్వు నా వెనకాలే రా."

"ఒక్కళ్ళే ముందుంటే ఇద్దరం ఆగిపోతాం నాన్నా. మార్చుకోవాలి."

జవాబు చెప్పేలోపే పక్కనుంచి ముందుకెళ్ళిపోయింది. దాని వెనక చేరగానే, చెవుల్లో హోరు ఒక్కసారిగా తగ్గింది. పసుపు జాకెట్టు వేసుకున్న ఆ చిన్న వీపు చూస్తూ తొక్కుతుంటే ఒక విషయం తట్టింది. ఈ తొమ్మిది నెలలూ మా ఇంట్లో ముందుండి గాలిని కాచుకున్నది మా ఆవిడ. శనివారాలు కూడా డ్యూటీలు వేసుకుంది, ఒక్క మాట అనలేదు. నేను ఆమె వెనక ఉన్నాను. సైకిలు మీద అయితే వెనక ఉండటం సిగ్గుపడే సంగతి కాదు. అలసినవాళ్ళు వెనక్కి రావాలి, తేరుకున్నాక మళ్ళీ ముందుకెళ్ళాలి. నాకు మిగిలింది ఆ రెండోదే.

ఐదు నిమిషాలకోసారి వంతులు మార్చుకుంటూ చీకటి పడేలోగా యాంబుల్ చేరాం. ఆ రాత్రి మా ఆవిడకి ఫోన్ చేశాను. అలసిపోయానని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాను. అన్ని నెలలుగా నేను చెప్పనిదంతా ఆమె అప్పుడు విన్నది.

రెండో రోజు: తుపాను రాసిన చరిత్ర

రెండో రోజు గాలికి వాన తోడైంది. వార్క్ వర్త్ కోటని దూరం నుంచే చూసి ముందుకి సాగాం. ఆల్న్ మౌత్ అనే ఊరు దగ్గర ఆగి టీ తాగాం. 1806 క్రిస్మస్ రోజు వచ్చిన తుపానుకి ఆల్న్ నది తన దారినే మార్చుకుంది. ఊరికీ, పాత చర్చి ఉన్న గుట్టకీ మధ్య నుంచి కొత్తగా సముద్రంలోకి దూసుకుపోయింది. గుట్ట అవతల ఉండిపోయింది, రేవు పూడిపోతూ వచ్చింది. రేవు పోయినా ఆ ఊరు మాత్రం పోలేదు. రంగురంగుల ఇళ్ళతో ఇప్పటికీ ముచ్చటగా ఉంది.

క్రాస్టర్ లో హెర్రింగ్ చేపల్ని ఓక్ చెక్కపొట్టు పొగలో ఆరబెడతారు. వాటినే కిప్పర్స్ అంటారు. వీధి చివర నుంచే వాసన తెలుస్తుంది. బందరు వాడికి ఎండుచేపల వాసన కొత్త కాదు కదా, నాకు ఒక్క క్షణం గిలకలదిండి రేవులో ఉన్నట్టే అనిపించింది. మా అమ్మాయి మాత్రం ముక్కు మూసుకుని పులిహోర డబ్బా తీసింది.

సాయంత్రానికి బాంబరా. కొండ మీద కోట, దాని కింద సముద్రం. కానీ పిల్లలకి అక్కడ చూపించవలసింది కోట కంటే గ్రేస్ డార్లింగ్ మ్యూజియం అంటాను నేను. గ్రేస్ తండ్రి విలియం, ఫార్న్ దీవుల్లో లాంగ్ స్టోన్ దీపస్తంభం కాపలాదారు. 1838 సెప్టెంబరు 7 తెల్లవారుజామున హల్ నుంచి డండీ వెళ్తున్న ఫర్ఫార్ షైర్ అనే ఆవిరి ఓడ తుపానులో రాళ్ళకి కొట్టుకుని విరిగిపోయింది. దాని శకలాలు గ్రేస్ కిటికీలోంచి చూసింది. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు. తండ్రీ కూతుళ్ళిద్దరూ చిన్న తెడ్ల పడవ వేసుకుని ఆ అలల్లోకి వెళ్ళారు. తండ్రి రాయి మీదకి దూకి మనుషుల్ని సాయం పట్టి దింపుతుంటే, గ్రేస్ ఒక్కతే పడవ కొట్టుకుపోకుండా తెడ్లు వేస్తూ నిలబెట్టింది. రెండు విడతలుగా తొమ్మిది మందిని రక్షించారు. అప్పటి పడవని మ్యూజియంలో చూడవచ్చు.

మా అమ్మాయి ఆ పడవ ముందు చాలాసేపు నిలబడింది. వాళ్ళు నేరుగా వెళ్ళకుండా, దీవుల చాటున గాలి తక్కువగా ఉండే చుట్టుదారి పట్టుకుని దాదాపు ఒక మైలు తెడ్లు వేశారని అక్కడ చదివి, "అంటే చుట్టూ తిరిగి వెళ్ళడం భయపడటం కాదన్నమాట" అంది. నేను ఏమీ అనలేదు. నా పాత ఉద్యోగం లాంటిదే, అదే జీతంతో కావాలని నేరుగా కొట్టుకుంటున్న సంగతి గుర్తొచ్చింది.

మూడో రోజు: ఆటుపోట్లు

మూడో రోజు గాలి తూర్పుకి తిరిగింది. పక్కనుంచి కొట్టే గాలి ఎదురుగాలి కంటే ప్రమాదం. ఒక్కో జోరుకి సైకిలు అడుగు దూరం జరుగుతుంది. రోడ్డు మీద ఉన్నంతసేపూ వేగం తగ్గించి, మా మధ్య దూరం పెంచుకుని, కార్లు దాటేటప్పుడు జాగ్రత్తపడ్డాం.

ఆ రోజు మా ఆశంతా హోలీ ఐలండ్ చూడాలని. దీన్నే లిండిస్ ఫార్న్ అంటారు. 635 ప్రాంతంలో ఎయిడన్ అనే సన్యాసి మఠం పెట్టిన దీవి. 793లో వైకింగులు దోచుకున్న చోటు. దీవికి వెళ్ళే రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలో మునుగుతుంది. ఏ రోజు ఏ గంటల మధ్య దాటవచ్చో పట్టిక పెడతారు. బీల్ అనే పల్లె దాటి మేము ఒడ్డుకి చేరేసరికి ఆ రోజు పొద్దుటి గడువు ఇరవై నిమిషాలే మిగిలింది. అవతలికి చేరతామేమో గానీ, ఆ గాలిలో మధ్యలో చిక్కుకోవచ్చు. దాటవద్దని ఇద్దరం అనుకున్నాం. మా అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒడ్డున కూర్చుని చూశాం. ముందు రోడ్డు అంచులు తడిశాయి. తర్వాత మధ్యలో పల్లం దగ్గర నీళ్ళు కలుసుకున్నాయి. కాసేపటికి రోడ్డే లేదు. చిక్కుకున్నవాళ్ళు ఎక్కి కూర్చోవడానికి స్తంభాల మీద కట్టిన తెల్ల గది ఒకటి నీళ్ళ మధ్య నిలబడి ఉంది.

"ఆటుపోట్లు అంటే ఇదేనా నాన్నా? నువ్వు క్లాసులో చెప్పేవాడివి, జీవితంలో ఆటుపోట్లు అని."

"ఇదేనమ్మా. పైకొచ్చేది పోటు, వెనక్కి తగ్గేది ఆటు."

"అయితే ఆరేడు గంటలు ఆగితే మళ్ళీ రోడ్డు వచ్చేస్తుంది కదా. నువ్వు ఆ మాట చెప్పినప్పుడు అందరూ సీరియస్ గా ముఖం పెడతారు. టైం టేబుల్ ఉంటుందని చెప్పవేం?"

నవ్వొచ్చింది. ఉద్యోగాలకి టైం టేబుల్ ఉండదని దానికి చెప్పలేదు. అది అన్నదాంట్లోనూ నిజం ఉంది మరి.

అక్కడినుంచి ఇసుక దిబ్బల పక్కగా గడ్డి దారిలో, కొన్నిచోట్ల దిగి తోసుకుంటూ, మూడు దాటాక బెరిక్ చేరాం. ట్వీడ్ నది మీద రాబర్ట్ స్టీఫెన్సన్ కట్టించిన ఇరవై ఎనిమిది కమానుల రైలు వంతెన కనిపించగానే ఇద్దరం ఒకేసారి అరిచాం. 1850లో విక్టోరియా రాణి ప్రారంభించిన వంతెన అది. మూడు రోజులు తొక్కిన దూరాన్ని మా రైలు ఆ వంతెన మీదుగా గంటలోపే దాటించేసింది.

తర్వాత?

సైకిలు తొక్కితే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. మర్నాడు ఒళ్ళంతా నొప్పులు. కానీ ఆ మర్నాడే మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాను. రోజుకి రెండు గంటలే, అంతకంటే వద్దనుకున్నాను, చిన్న గేరులో అన్నమాట. చుట్టుదారి కూడా పట్టాను. నా పాత పనికి కాస్త పక్కనున్న పనులకి అప్లికేషన్లు పెట్టాను. నాలుగు నెలలకి ఒక చిన్న సంస్థలో పని దొరికింది. జీతం మునుపటికంటే తక్కువ. ఇల్లు మాత్రం నడుస్తోంది. మా ఆవిడ శనివారాలు ఇంట్లో ఉంటోంది. ఆదివారం తెలుగు క్లాసు మళ్ళీ మొదలైంది. మొదటి పాఠం గాలి పేర్లు.

మనలో చాలామందికి, ముఖ్యంగా మగవాళ్ళకి, "నాకు బాగోలేదు" అని చెప్పడం రాదు. ఊళ్ళో అమ్మానాన్నలకి చెప్పం, ఇక్కడి స్నేహితులకీ చెప్పం. మనసు కుంగి వారాల తరబడి అలాగే ఉంటే దయచేసి జీపీని కలవండి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి. నేను రాసినది దానికి తోడుగా చేసే పనే తప్ప దానికి బదులు కాదు.

మీరూ వెళ్ళాలనుకుంటే

* చిన్న పిల్లలతో అయితే టైన్ మౌత్ నుంచి సెయింట్ మేరీస్ దీపస్తంభం దాకా చాలు. మిగతా ప్రాంతాల వారికి బ్లాక్ పూల్ సముద్రపు ఒడ్డు, వేల్స్ లో స్వాన్సీ నుంచి మంబుల్స్ దాకా పాత రైలు దారి మీద వేసిన బాట కూడా బాగుంటాయి.
* సూచనలో మామూలు గాలితోపాటు జోరు గాలి ఎంతో కూడా చూడండి. గంటకి 60 కిలోమీటర్లు దాటితే ఇంట్లో పకోడీలు వేసుకుని కిటికీలోంచి చూడటమే మంచిది.
* ఒక్క లావు కోటు కంటే రెండు మూడు పల్చటి పొరలు మేలు. వాటిపైన నీళ్ళు దిగని జాకెట్టు, చేతికి గ్లవ్స్. పొడి సాక్సులు ప్లాస్టిక్ సంచిలో విడిగా పెట్టుకోండి.
* అక్టోబరు చివర గడియారాలు మారాక సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. సైకిలుకి ముందూ వెనకా లైట్లు తప్పనిసరి.
* హోలీ ఐలండ్ కి వెళ్ళేవాళ్ళు దాటే వేళల పట్టిక ముందే చూసుకోండి. గడువు దగ్గరపడితే ఆగిపోండి.
* రైల్లో సైకిలుకి చోటు ముందుగా బుక్ చేసుకోవాలి.
* పులిహోర రెండో రోజుకి ఇంకా రుచిగా ఉంటుంది. కాస్త ఎక్కువే కలుపుకోండి.

వచ్చే వేసవిలో మన సంఘం కుటుంబాలతో కలిసి దీపస్తంభం దాకా ఒకసారి వెళ్దామని మా అమ్మాయి ప్రతిపాదన. ముందు ఎవరు, వెనక ఎవరు అన్న వంతుల పట్టిక కూడా తనే వేస్తుందట. రాదలచినవాళ్ళు ఆదివారం క్లాసులో తనకి పేర్లివ్వండి.